తాడు ఆగేదాక

బొగ్గుబాయి లోంచి పైకొచ్చిన మనిషి లైటు అప్పజెప్పకుండా ఇంటికి పోతే, లెక్కలో ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. దిగేటప్పుడు నంబరు బిళ్ళ ఇచ్చి టోపీకి తగిలించుకునే లైటు తీసుకుంటారు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే లోపల ఒక మనిషి మిగిలాడన్నమాట.

రాజమొగిలికి ఈ సంగతి పెళ్లికి ముందు నుంచీ తెలుసు. అయినా ఆ సోమవారం మొదటి షిఫ్టు నుంచి బయటపడి, లైటుతో సహా టోపీని స్కూటర్ డిక్కీలో పెట్టి, కూరగాయల మార్కెట్టుకు పోయాడు. చామగడ్డలు బేరం చేస్తుండగా, పోయిన ఎండాకాలం బాగుచేయమని ఇచ్చిన కూలర్ మోటరు గుర్తొచ్చింది. చామగడ్డలను తక్కెట్లోనే వదిలేసి మెకానిక్ దుకాణానికి పోయాడు. అది మూసి ఉంది. పక్క సందులో లారీ నిలబెట్టి బోరు వేస్తున్నారు. తెల్లటి దుమ్ము లేస్తోంది. చుట్టూ మూగిన జనం నీళ్లు ఎంత లోతున పడతాయోనని వాదించుకుంటున్నారు. రాజమొగిలి కూడా నిలబడ్డాడు. ఎవరో మిర్చి బజ్జీలు తెప్పిస్తే తిన్నాడు. డిక్కీలో టోపీ కింద సెల్‌ఫోను మోగి మోగి ఊరుకుంది.

అక్కడ బాయి దగ్గర రెండో షిఫ్టును ఆపేశారు. ఇంటికి ఫోన్ చేస్తే ఇంకా రాలేదని భార్య విజయలక్ష్మి చెప్పింది. దాంతో అప్పుడే పైకొచ్చిన వాళ్లలో కొందరు మళ్లీ దిగారు. రాజమొగిలి ఎక్కడెక్కడ పని చేశాడో, ఎక్కడ కూర్చుని తిన్నాడో తెలిసినవాడు భోజ్యా. మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చి ఏళ్ల తరబడి రాజమొగిలితో ఒకే షిఫ్టు చేస్తున్నాడు. అతను ముందు నడిచాడు. పని ఆపేసిన పాత దారుల్లో కూడా, మోకాలి లోతు నీళ్లలో, మొగిలన్నా మొగిలన్నా అని పిలుస్తూ తిరిగాడు. పిలిచి, ఆగి, చెవి పెట్టి వినడం, మళ్లీ నడవడం. గని లోపల మనిషిని వెతకడమంటే అదే పని.

చివరికి రాజమొగిలి కొడుకు యుగేందర్ తండ్రిని బోరు లారీ దగ్గర పట్టుకున్నాడు. స్కూటర్ డిక్కీ తెరిస్తే లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

లైటు ఎందుకు మర్చిపోయాడో రాజమొగిలికి తెలుసు. పొద్దున జరిగినదాన్నే రోజంతా నెమరేస్తూ ఉన్నాడు. అతనిది హాలర్ నడిపే పని. గని లోపల వాలు దారిలో, పట్టాల మీద సామాను టబ్బులను ఉక్కు తాడుతో దించుతూ లాగుతూ ఉండే యంత్రం అది. నడిపేవాడికి టబ్బులు కనిపించవు. కింద చీకట్లో టబ్బులు తగిలించే మనిషి తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒక గంట మోగితే ఆపాలి. అక్షరం రానివాడు కూడా చేయగల పనే, కాని మనసు అక్కడే ఉండాలి.

ఆ పొద్దున కింద ఉన్నది భోజ్యానే. హాలర్ గది కప్పు నుంచి నీటి చుక్క ఒకటి రేకు మీద పడుతోంది. పడి, కాసేపు ఆగి, మళ్లీ పడుతోంది. ఆ చప్పుడు రాజమొగిలిని కూలర్ దగ్గరికి, కూలర్ నుంచి మెకానిక్ దగ్గరికి, మెకానిక్ నుంచి అతని బిడ్డ పెళ్లికి, ఆ పెళ్లిలో పెట్టిన బగారన్నం దాకా తీసుకుపోయింది. చెయ్యి లీవర్ మీదే ఉంది. కళ్లు తాడు మీదే ఉన్నాయి. గంట మోగింది. మోగిన సంగతి చెవికి తెలుసు, చేతికి తెలియలేదు. మళ్లీ మోగింది. మూడోసారి ఆగకుండా మోగుతుంటే అప్పుడు బ్రేకు వేశాడు.

 కాసేపటికి కింది నుంచి భోజ్యా ఎప్పటిలాగే గంట కొట్టి పని సాగించాడు. షిఫ్టు చివర పైకి నడిచొస్తున్నప్పుడు అతని ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉండటం రాజమొగిలి చూశాడు. మాట్లాడాలి అనుకున్నాడు. మర్చిపోకుండా, ముఖం తుడుచుకునే దస్తికి ఒక ముడి కూడా వేసుకున్నాడు. ఇంతలో ఎవరో పలకరించారు, అంతే.

పొద్దు గుంకే వేళకు వెతకడానికి పోయినవాళ్లు పైకొచ్చారు. రాజమొగిలి లైటు గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దసారు అనాల్సినవన్నీ అన్నాడు. మిగతావాళ్లు తలా ఒకటి అన్నారు. భోజ్యా నల్లా కింద ముఖం పెట్టి చాలాసేపు కడుక్కున్నాడు. అతను పొద్దున తిన్న తిండి మీదే ఉన్నాడని అందరికీ తెలుసు. భుజాన తువ్వాల వేసుకుని దగ్గరికొచ్చి ఒకటే మాట అడిగాడు.

"తిన్నవా అన్నా?"

రాజమొగిలి నోట్లో ఇంకా బజ్జీల వాసన ఉంది. అతను తల దించుకున్నాడు.

*

మర్నాడు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. సంగతి బచ్చన్నపేటలో ఉన్న రాజమొగిలి అక్క సమ్మక్క దాకా పోయింది. ఆమె కూతురు మౌనిక జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆ సాయంత్రం మేనమామకు ఫోన్ చేసి, ఇది తెలివి తక్కువతనమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు, ధ్యాస ఒక చోట నిలవకపోవడానికి ఏడీహెచ్‌డీ అని ఒక పేరుంది, చిన్నపిల్లలకే కాదు పెద్దవాళ్లకూ ఉంటుంది, మా దగ్గరికి గురువారం గురువారం ఒక డాక్టరు మేడం వస్తుంది, ఒకసారి వచ్చి చూపించుకో అని చెప్పింది. వచ్చేటప్పుడు నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషిని ఎవరినైనా వెంటబెట్టుకు రావాలంది.

రాజమొగిలి ఆ పేరును పలకలేకపోయాడు, కాని దానికి పేరుండటమే అతనికి వింతగా తోచింది. ఇన్నాళ్లూ ఇంట్లో దాన్ని పరాకు అన్నారు, బడిలో మొద్దుతనం అన్నారు, బాయిలో లెక్కలేనితనం అన్నారు. పోతానని చెప్పాడు. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ఈసారి ప్యాంటు. వచ్చేసారి ఏమవుతుందో అతనికి తెలుసు.

విజయలక్ష్మి పక్కనే ఉండి ఫోను మాటలు సగం విన్నది. మెదడు డాక్టరని ఆమెకు అర్థమైంది. మిగతాది తానే పూరించుకుంది.

ఆ గల్లీలో అన్‌ఫిట్ అనేది జబ్బు కన్నా ఎక్కువగా కోరిక పేరు. పని చేసే సత్తువ ఒంట్లో లేదని కంపెనీ డాక్టర్లు తేలిస్తే మనిషి ఇంటికి పోతాడు, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న కొడుకులున్న ప్రతి తల్లీ భర్త దగ్గును శ్రద్ధగా వింటుంది. యుగేందర్ డిగ్రీ అయిపోయి మూడేళ్లు. కానిస్టేబుల్ పరీక్షకు తయారై, పరీక్ష నాడు వేరే ఊరి సెంటర్‌కు పోయి కూర్చున్నాడు. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు ఉద్యోగం లేదనగానే మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఇక మొగుడు తనంతట తానే మెదడు డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాడంటే విజయలక్ష్మికి కొడుకు పెళ్లి పందిరి కనిపించింది.

బుధవారం నాటికి గల్లీ అంతా తెలిసింది. పక్కింటి కట్టయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కట్టయ్య నడుము నిజంగానే పోయింది, నిజంగానే అన్‌ఫిట్ అయ్యాడు. అందుకే అతని మాటకు విలువ. డాక్టరు ఏదడిగినా టక్కున చెప్పొద్దని, గోడకేసి చూడాలని, పేరడిగితే కాసేపు ఆగి చెప్పాలని, ఇంటి మనిషే ఎక్కువ మాట్లాడాలని చెప్పాడు. విజయలక్ష్మి ఇవన్నీ శ్రద్ధగా విని, దవాఖానకు తోడు రాబోయే ఆడబిడ్డ సమ్మక్కకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ అప్పజెప్పింది. ఆ సాయంత్రం నాటుకోడి వండింది. కరివేపాకు తెమ్మని పంపితే యుగేందర్ గంట తర్వాత పాల ప్యాకెట్టుతో వచ్చాడు. ఇంకో రోజైతే అమ్మ తిట్టేది. ఆ రోజు నవ్వింది. అతను ఎవరూ చెప్పకుండానే తండ్రి బూట్లు తెచ్చుకుని పాలిష్ చేయడం మొదలుపెట్టాడు.

రాజమొగిలి కాదనలేదు. కాదంటే చెప్పాలి, చెప్పాలంటే గంట సంగతి చెప్పాలి. ఊరుకుంటే కోడికూర. అతను ఊరుకున్నాడు.

*

గురువారం పొద్దున బస్సెక్కి, హనుమకొండలో మారి, జనగామలో దిగేసరికి సమ్మక్క దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉంది. పత్తి ఏరే రోజులు. ఒక రోజు పని వదిలి వచ్చింది. పత్తికాయ మొనలు గీరి వేళ్ల చివరలు నల్లగా పగిలి ఉన్నాయి. తమ్ముణ్ణి చూడగానే చెంపలు నిమిరి, ఏడుపు ముఖం పెట్టింది. అది నిజమైన ఏడుపో, మరదలు చెప్పిన ఏడుపో అతనికి తెలియలేదు.

డాక్టరు పేరు నీరజ. నలభై దాటని మనిషి. తొందర లేనట్టు కూర్చుంది. మౌనిక అతని బీపీ, నాడి చూసి, గుండె పరీక్ష తీయించి, కాగితాలు బల్ల మీద పెట్టి బయటికి పోయింది. డాక్టరు రాజమొగిలిని ఏం పని చేస్తారు, పడుకుంటే నిద్ర పడుతుందా, తాగుతారా అని అడిగింది. చెప్పాడు. మాట మధ్యలో కిటికీ బయట ఎవరో బండి స్టార్ట్ కాక తన్నుతుంటే అటే చూస్తూ ఆగిపోయాడు. డాక్టరు పిలవకుండా చూస్తూ ఊరుకుంది. బండి స్టార్టయ్యాక అతను ఇటు తిరిగి, ఏమడిగిండ్రు మేడం అన్నాడు.

తర్వాత ఆమె సమ్మక్కను అడిగింది, చిన్నప్పుడు ఎలా ఉండేవాడని.

సమ్మక్క కొంగు సవరించుకుంది. తమ్ముడికి పుట్టినప్పటి నుంచే మెదడు సరిగా లేదని, నెలకోసారి మూర్ఛలొచ్చి పడిపోతాడని, నోట్లో నురుగు వస్తుందని, ఒక్కోసారి కన్నకొడుకును కూడా పోల్చుకోడని, మన్ను తింటాడని గడగడా చెప్పింది. మన్ను సంగతి విజయలక్ష్మి చెప్పమన్నది కాదు. అది సమ్మక్క సొంతంగా కలిపింది. తమ్ముడి మంచి కోరి చెప్తోంది కనుక ఆమె గొంతులో తడబాటు లేదు.

డాక్టరు రాయడం ఆపింది. మూర్ఛలున్న మనిషి ఇన్నేళ్లు గని లోపల ఎలా పని చేశాడని అడిగింది. సమ్మక్క గోడకేసి చూసింది. నిజానికి గోడకేసి చూడాల్సింది తమ్ముడు.

రాజమొగిలికి అక్క మాట కాదనడం అలవాటు లేదు. తల్లి పోయాక అతనికి అన్నం పెట్టింది ఆమె. దస్తి తీసి చేతుల్లో నలిపాడు, మళ్లీ మడిచాడు. చివరికి డాక్టరును కాకుండా అక్కనే చూస్తూ అన్నాడు.

"అక్కా, నేను అన్‌ఫిట్ కోసం రాలే. మొన్న గంట కొడితే నాకు చెయ్యాడలే. భోజ్యా కాలు పోతుండె."

సమ్మక్కకు కొంతసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంత దూరం వచ్చి, పరాయి మనిషి ముందు అబద్ధమాడి దొరికిపోయినందుకు ఆమెకు తమ్ముడి మీద కోపమొచ్చింది. మరి నన్నేం చెప్పమంటవురా అంది. నిజం చెప్పమన్నాడు. నిజం ఏముంది చెప్పడానికి, అది జబ్బా ఏందని ఆమె అంది. ఆమె దృష్టిలో నిజం మరీ చిన్నది. డాక్టరు ముందు పెట్టడానికి సిగ్గుపడేంత చిన్నది.

డాక్టరు అదే కావాలంది.

"ఏమున్నది బిడ్డా," అంది సమ్మక్క. "మక్కచేనుకు కావలి పెడితే చీమల ఎంబడి పోయేటోడు. పశులొచ్చి చేను మేసేటియి. ఒకనాడు మా నాయిన మంచె గుంజకు తాడుతోటి కట్టేసిండు, పొద్దంత. నేనే పోయి నీళ్లు తాపిన. వీనికి మాట చెవులవడ్తది గని లోపల నిలవది. బుద్ధిలేక గాదు. కట్టేసిననాడు గూడ, రేపటి సంది మంచిగుంటనే అక్కా అని ఏడ్సిండు. తెల్లారి మల్ల గంతే. అందుకే ఏదన్న పనికి పంపితే దస్తికి ముడేసి పంపేదాన్ని. ముడి జూస్తెనన్న యాదికొస్తదని."

చెప్పడం అయిపోయాక ఆమె నిజంగానే ఏడ్చింది. తాడు ముడి విప్పడానికి తనకు అప్పుడు ధైర్యం చాలలేదని అంది.

డాక్టరు రాజమొగిలి చేతిలోని దస్తి అడిగి తీసుకుంది. దానికి రెండు ముడులున్నాయి. ఇది దేనికని మొదటిదాన్ని చూపించి అడిగింది. కూలర్ మోటరుకు మేడం అన్నాడు. రెండోది దేనికని అడిగింది. రాజమొగిలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. అతనికి గుర్తుకు రాలేదు.

తర్వాత ఆమె ఇంకా చాలా ప్రశ్నలు అడిగి, అన్నీ విని, నెమ్మదిగా చెప్పింది. మీకు ధ్యాస లేక కాదు, అది మీ చెప్పుచేతల్లో ఉండదు, అంతే తేడా. తిడితే, కట్టేస్తే కుదిరేది కాదు. మందుంది. వెంటనే పనిచేసే రకం ఒకటుంది కాని దానికి కట్టుబాట్లు ఎక్కువ, అన్ని దుకాణాల్లో దొరకదు. మీకు రెండో రకం రాస్తున్నాను, రోజూ వేసుకోవాలి, గుణం కనిపించడానికి నెల పైన పడుతుంది. మొదట్లో వికారంగా ఉంటుంది, నోరు ఎండుతుంది, ఆపొద్దు. అప్పటిదాకా హాలర్ ముట్టుకోవద్దు. ఈ ముక్క వేరే కాగితం మీద రాసిచ్చింది, పై అధికారికి చూపించమని.

పిల్లలున్నారా అని కూడా అడిగింది. ఇది ఒక్కోసారి ఇంట్లో దిగుతూ వస్తుందంది. రాజమొగిలి గబుక్కున, మావోనికేం లేదు మేడం, డిగ్రీ చదివిండన్నాడు. డాక్టరు ఇంకేం అడగలేదు.

మందు జనగామలో దొరకలేదు. హనుమకొండలో దిగి దుకాణాలు తిరిగితే ఒక చోట దొరికింది. దుకాణం మనిషి చీటీని ఒకసారి, రాజమొగిలిని రెండుసార్లు చూసి, ఎవరికి అని అడిగాడు. నాకే అన్నాడు రాజమొగిలి. ఆ మాట అనడం అనుకున్నంత కష్టంగా లేదు.

*

ఇల్లు చేరేసరికి విజయలక్ష్మి గుమ్మంలో ఉంది. మౌనిక ముందే ఫోన్ చేసి అంతా చెప్పేసింది. మంచి వార్త చెప్తున్నాననే ఆ పిల్ల అనుకుంది.

"అన్‌ఫిట్ చేయించుకో అంటే ఫిట్ చేయించుకొని వచ్చినవా?" అంది విజయలక్ష్మి.

యుగేందర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తండ్రిని చూడలేదు, తల్లినీ చూడలేదు. ఆమె మాత్రం ఆగలేదు. కొడుకు వయసు పెరిగిపోతోందని, ఎవరి తండ్రులు వాళ్ల పిల్లల కోసం ఏమేం చేస్తున్నారో గల్లీలో చూడమని, ఉద్యోగాన్ని ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకుని వేలాడుతున్నావని, లైటు మర్చిపోయినవాడివి ఈ ఉద్యోగం కూడా ఎక్కడన్నా మర్చిపోరాదా అని అంది. ఆ చివరి మాటకు తనకే ఏడుపొచ్చి కూర్చుండిపోయింది.

ఆమె మాటలో అన్యాయం లేదని రాజమొగిలికి తెలుసు. అదే అతణ్ణి ఎక్కువ బాధపెట్టింది. అతను మంచం అంచున కూర్చుని, దాచుకున్నదంతా మొదటిసారి ఇంట్లో చెప్పాడు. నీటి చుక్క, బగారన్నం, మూడుసార్లు మోగిన గంట, చిరిగిన ప్యాంటు. గంట మోగినట్టు తెలుస్తూనే ఉందని, చెయ్యి మాత్రం కదల్లేదని చెప్పాడు. విజయలక్ష్మి ఏడుపు ఆపింది. యుగేందర్ తలెత్తి తండ్రిని చూశాడు, చెప్పడం అయ్యేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.

శుక్రవారం పొద్దున రాజమొగిలి ఉప్మా తిని మొదటి గోలీ వేసుకున్నాడు. బాయికి చేరేసరికి డాక్టరు చెప్పిన వికారం మొదలైంది. జేబులో డాక్టరు కాగితం ఉంది. అది చూపిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. పైన ఏదో చిన్న పని ఇవ్వొచ్చు. ఇంటికే పంపొచ్చు. పంపితే కొడుక్కు ఉద్యోగం వచ్చినా రావచ్చు, ఇద్దరికీ లేకుండా పోయినా పోవచ్చు. చూపించకపోతే నెల దాటేదాకా హాలర్ మీద కూర్చోవాలి, కింద భోజ్యా ఉంటాడు.

భోజ్యా అప్పటికే వచ్చి, షెడ్డు పక్కన కూర్చుని బూట్ల దారాలు కట్టుకుంటున్నాడు. మోకాలి దగ్గర ప్యాంటును వేరే రంగు గుడ్డతో కుట్టించుకున్నాడు. రాజమొగిలి ముఖం తుడుచుకుందామని దస్తి తీశాడు. రెండో ముడి చేతికి తగిలింది. అది దేనికో అప్పుడు గుర్తొచ్చింది.

పక్కన కూర్చుని, సోమవారం గంట విని కూడా ఆపలేకపోయానని చెప్పాడు. జనగామ సంగతీ చెప్పాడు. భోజ్యా రెండో బూటు దారం కట్టడం పూర్తి చేశాడు.

"నాకెర్కే అన్నా," అన్నాడు. "నువ్వు హాలర్ మీదున్ననాడు గంట కొట్టంగనే నేను టబ్బు కాడికి పోను. తాడు ఆగేదాక నిలవడి చూస్త. ఆగినంకనే చెయ్యేస్త. మొన్న సామాను తొందరవెట్టిండ్రు, నిలవడలే. అది నా తప్పే."

ఎన్నాళ్ల నుంచి అలా అని రాజమొగిలి అడిగాడు. భోజ్యా ఆలోచించి, మొదటి సంది అన్నాడు. తనొక్కడే కాదట. కింద పనిచేసే అందరూ అంతేనట. కొత్తగా ఎవరొచ్చినా, మొగిలన్న షిఫ్టుల తాడు ఆగేదాక నిలబడాలని ముందే చెప్తారట. పైన ఎవరికీ చెప్పలేదు. చెప్తే అన్నకు పని పోతుందని.

అది వినడం రాజమొగిలికి తిట్లు వినడం కన్నా కష్టమైంది. ఇన్నేళ్లుగా తన పనిలో తప్పు జరగలేదని అతను లోలోపల గర్వపడేవాడు. జరగకుండా చూసింది కింద చీకట్లో నిలబడిన మనుషులు. అతను ముడి విప్పి, దస్తి మడిచి జేబులో పెట్టుకుని, సారు గదికి పోయి కాగితం ఇచ్చాడు.

సారు రెండుసార్లు చదివాడు. తిట్టలేదు. ముందుగా చెప్పినందుకు సంతోషం అని కూడా అనలేదు. కంపెనీ డాక్టర్లు పిలిచి చూసేదాకా పైనే ఉండమని, సామాను యార్డులో కర్రలు, సంచులు ఎక్కించే దగ్గర పని చేయమని చెప్పాడు. తర్వాత ఏమిటన్నది ఆయన చేతిలో లేదన్నాడు. ఆ రోజు రాజమొగిలి లైటు తీసుకోలేదు. బోర్డు మీద అతని బిళ్ళ పెట్టే పని లేకపోయింది.

*

సాయంత్రం ఇంటికొచ్చి కర్రలు మోసిన చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. నోరు ఎండిపోతోంది. యుగేందర్ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి, బూట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇక అతను తండ్రిని మంచి చేసుకోవాల్సిన అవసరమేమీ లేదు. అయినా ఒక బూటుకు పాలిష్ రాసి, రుద్ది, మెరిసేలా చేశాడు. రెండోది ఎత్తి పట్టుకుని, గల్లీలో పోతున్న గ్యాస్ బండిని మలుపు తిరిగేదాకా చూశాడు. చేతిలోని బూటు చేతిలోనే ఉండిపోయింది. రాజమొగిలి ఆ చేతిని చూస్తున్నాడు.

"బాపు," అన్నాడు యుగేందర్, ఇంకా గల్లీ వైపే చూస్తూ. "గంట మోగినట్టు ఎర్కయితది గని చెయ్యి కదల్లే అన్నవు గదా."

రాజమొగిలి ఊకొట్టాడు.

"నాకు పరీక్షల గట్లనే అయితది. ప్రశ్న కనవడ్తది, సదువుత, జవాబు గూడ ఎర్కే. ఎవలో కుర్చీ జరుపుతరు. మల్ల చూసేసరికి టైం అయిపోతది. మొన్న సెంటర్ తప్పు పోయింది గూడ గంతే. హాల్‌టికెట్ల ఊరి పేరు మంచిగనే సదివిన." అతను బూటు కింద పెట్టాడు. "అమ్మ నాకు నీ నౌకరి రావాలంటది. నీ జాగల నేను కూసుంటే, ఆ గంటకు నా చెయ్యి లేస్తదా బాపు?"

లేస్తది బిడ్డా అనడం తేలిక. తండ్రులు అనే మాట అదే. అలా అంటే కొడుకు ఇప్పటికి ఊరుకుంటాడు, రేపు ఏ హాలర్ మీదో కూర్చుంటాడు. కింద భోజ్యా కొడుకో, ఇంకొకరి కొడుకో, తాడు ఆగేదాక నిలబడతాడు. ఒకనాడు నిలబడడు. జనగామలో డాక్టరుకు తాను గబుక్కున చెప్పిన జవాబు రాజమొగిలికి గుర్తొచ్చింది.

"లేవది బిడ్డా," అన్నాడు. "నీది గూడ నాలెక్కనే."

యుగేందర్ ముఖంలో బిగువు సడలింది. ఇన్నేళ్లుగా అందరూ చెప్పిన దానికన్నా ఇది అతనికి తేలికగా ఉన్నట్టుంది. తల వంచుకుని రెండో బూటు అందుకున్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. విజయలక్ష్మి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతికి పిండి ఉంది. మొగుణ్ణి చూసింది, కొడుకును చూసింది, ఒకటి మెరుస్తూ ఒకటి దుమ్ముతో ఉన్న బూట్లను చూసింది. 

"ఆ మేడం మల్ల గురువారమే వస్తదా?" అని అడిగింది.

వస్తుందన్నాడు రాజమొగిలి. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, వచ్చి అరుగు మీద కూర్చుని, కొడుకు చేతిలోని బూటు తీసుకుంది. యుగేందర్ చిన్నప్పటి సంగతులన్నీ తనకు గుర్తున్నాయని, తాను కూడా వస్తానని చెప్పింది.